మూడో తరగతిలో నాలుగు నెలలు: నవోదయ ప్రవేశంతో మా అనుభవం

మా ఇంటి నుంచి ఇద్దరు పిల్లలు జవహర్ నవోదయ విద్యాలయ (కేంద్ర ప్రభుత్వం నడిపే వసతి బడి) ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రాశారు. 2014లో మా అన్న కొడుకు, పదకొండేళ్ల తరవాత 2025లో నా కూతురు. ఇద్దరినీ పరీక్షకు తీసుకువెళ్లింది నేనే. వాడికి సీటు వచ్చింది, పాపకు రాలేదు. ఇద్దరూ దాదాపు సమానంగా చదివే పిల్లలే కాబట్టి, ఈ పదకొండేళ్లలో పిల్లల తెలివి కంటే ఆ బడి గడప చేరే దారే ఎక్కువగా మారిందని నాకు అనిపిస్తుంది. పాప విషయంలో పోటీ పరీక్ష గదిలో మొదలు కాలేదు. ఆమె మూడో తరగతిలో ఉండగానే, మాకు తెలియకుండానే మొదలైంది. మూడో తరగతి చదివే పిల్లలున్న తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందన్న ఆశతో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది ఇప్పటి పెద్దపల్లి జిల్లాలోని ఒక గ్రామం. 2016లో జిల్లాలను విభజించక ముందు కరీంనగర్ జిల్లాలో ఉండేది. పాత కరీంనగర్ జిల్లా మొత్తానికి అప్పట్లో ఒకటే నవోదయ, అది చొప్పదండిలో ఉంది. మా అన్న కొడుకు ఊళ్లోని మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో అయిదో తరగతి చదువుతుండగా, వాళ్ల సారు తానే మండల విద్యాధికారి కార్యాలయం నుంచి దరఖాస్తు కాగితం తెచ్చి, నింపి, మా అన్న చేత సంతకం పెట్టించుకున్నారు. పరీక్షకు రెండు నెలల ముందు నుంచి బడి వదిలాక ఒక గంట పాటు పాత ప్రశ్నపత్రాలు చేయించేవారు. ఆ సారు పైసా తీసుకోలేదు. మా అన్న ఆ రెండు నెలల్లో ఒక్కసారి కూడా పుస్తకం తెరిచి చూడలేదు, చూసినా ఆయనకు అర్థం కాదు. అప్పట్లో వంద ప్రశ్నలుండేవి. వాడు రాసి వచ్చి "బొమ్మలన్నీ సారు చెప్పినట్టే వచ్చినయ్ కాకా" అన్నాడు. కొన్ని నెలలకు ఎంపికైనట్టు బడికి సమాచారం వచ్చింది. అంతకు మించి మేము పడ్డ శ్రమ ఏమీ లేదు.

ఆ సీటు మా అన్న కుటుంబానికి ఎంత మేలు చేసిందో దగ్గరుండి చూశాను. ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి వరకు ఏడేళ్ల పాటు తిండి, వసతి, యూనిఫాం, పుస్తకాలు అన్నీ ఉచితమే. తొమ్మిదో తరగతి నుంచి విద్యాలయ వికాస నిధి పేరుతో నెలకు 600 రూపాయలు కట్టాలి. ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాల పిల్లలకు అది కూడా ఉండదు. తొమ్మిదో తరగతిలో 30 శాతం మంది విద్యార్థులను హిందీ రాష్ట్రాలకు, హిందీయేతర రాష్ట్రాలకు మధ్య ఒక ఏడాది పాటు మార్చే పద్ధతి ఉంది. అలా మావాడు ఒక ఏడాది ఉత్తరాదిలో చదివి, హిందీ ధారాళంగా మాట్లాడుతూ తిరిగి వచ్చాడు. రెండెకరాల రైతు కొడుక్కి అలాంటి చదువు డబ్బు పెట్టి కొనిపించడం మా అన్న వల్ల అయ్యేది కాదు. అందుకే నా కూతురు పుట్టినప్పటి నుంచే, ఈమె కూడా చొప్పదండిలోనే చదవాలని ఇంట్లో అందరం అనుకున్నాం.

అనుకున్నామే గాని నిబంధనలు చదవలేదు. 2022లో నాకు కరీంనగర్‌లో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాసే పని దొరికింది. జూన్‌లో కుటుంబంతో సహా వెళ్లి అద్దె ఇంట్లో దిగాం. పాపను దగ్గర్లోని ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతిలో చేర్చాం. పట్నం బడి, ఇంగ్లిషు మీడియం, నవోదయకు పునాది గట్టిగా పడుతుందని నేనే నా భార్యను ఒప్పించాను. ఆ ఏడాది దసరా నాటికి మా నాన్న ఆరోగ్యం దెబ్బతినడంతో ఆయన్ను చూసుకోవడానికి ఊరికి తిరిగి వచ్చేశాం. రికార్డు షీట్ (బడి మారేటప్పుడు ఇచ్చే పత్రం) తెచ్చుకుని పాపను మళ్లీ ఊరి బడిలో చేర్చాం. మిగిలిన మూడో తరగతి, నాలుగు, అయిదు తరగతులు ఆమె మా అన్న కొడుకు కూర్చున్న బల్లల మీదే చదివింది. పట్నం బడిలో గడిచింది నాలుగు నెలలు. వాటిని మేము మరిచే పోయాం.

2024లో ప్రవేశ ప్రకటన వచ్చింది. ఇప్పుడు దరఖాస్తు అంతా ఆన్‌లైన్‌లోనే. పాప ఫొటో, ఆమె సంతకం, నా సంతకం, ప్రధానోపాధ్యాయుడు సంతకం చేసి ముద్ర వేసిన ధ్రువపత్రం, అన్నీ నిర్ణీత సైజులో స్కాన్ చేసి పెట్టాలి. ఆ ఏడాది అభ్యర్థి 2013 మే 1కి, 2015 జులై 31కి మధ్య పుట్టి ఉండాలి. మా పాప ఆ లోపే ఉంది. పాత జిల్లా లెక్కన, నవోదయ ఉన్న జిల్లాలోనే అయిదో తరగతి చదువుతూ ఉండాలి, అదీ సరిపోయింది. మూడు, నాలుగు, అయిదు తరగతులు ఏ బడిలో, గ్రామంలోనా పట్టణంలోనా చదివిందీ నింపాల్సిన గడుల దగ్గర ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి ఆగి, "అన్నా, మూడో తరగతి మొత్తం ఊళ్లేనా?" అని అడిగాడు. ఎందుకని అడిగితే వివరణ పుస్తకంలోని ఒక వాక్యం చూపించాడు. ఈ మూడు తరగతుల్లో ఒక్క రోజైనా పట్టణ ప్రాంతపు బడిలో చదివిన వారిని పట్టణ అభ్యర్థిగానే పరిగణిస్తారన్నది దాని సారం. నేను ఆ వాక్యాన్ని మూడు సార్లు చదివాను. ఒక్క రోజు అంటున్నారు. మావి నాలుగు నెలలు.

ఆ గడి ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే సీట్ల లెక్క చూడాలి. ఒక్కో నవోదయలో ఆరో తరగతికి గరిష్ఠంగా 80 సీట్లు. వాటిలో కనీసం 75 శాతం, అంటే 60, గ్రామీణ విద్యార్థులకే. మిగిలిన 20 సీట్లు అందరికీ కలిపి ప్రతిభ ప్రకారం ఇస్తారు, వాటికి గ్రామీణ పిల్లలూ పోటీలో ఉంటారు. ఆడపిల్లలకు కనీసం మూడో వంతు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లు వీటిలోనే కలిసి ఉంటాయి. ఊళ్లో పుట్టి, ఊళ్లో పెరిగి, ఊరి బడిలో అయిదో తరగతి చదువుతున్న నా కూతురు ఆ 60 సీట్లకు దూరమై, నాలుగు జిల్లాలుగా చీలిన పాత జిల్లా పట్టణాల పిల్లలతో కలిసి ఆ 20 సీట్ల వరుసలో నిలబడింది.

ఈ నిబంధన తప్పని నేను అనను. 1986 జాతీయ విద్యా విధానం కింద ఈ బడులను పెట్టిందే పల్లెల్లోని చురుకైన పిల్లల కోసం. 1985–86లో హరియాణాలోని ఝజ్జర్‌లో, అమరావతిలో (ఇది మహారాష్ట్రలోని అమరావతి) ప్రయోగాత్మకంగా మొదటి రెండు బడులను తెరిచినప్పటి ఉద్దేశమూ అదే. పట్నంలో చదివించుకుని చివరి ఏడాది పల్లె బడిలో పేరు రాయించుకునే వారిని ఆపకపోతే ఆ 60 సీట్లు నిజమైన పల్లె పిల్లలకు దక్కవు. కానీ మూడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారన్నది కూడా చూడాలని, కనీసం రెండో తరగతి ముగిసేనాటికి ప్రతి ఊరి బడిలోనూ తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పాలని కోరుకుంటున్నాను. బతుకుదెరువు కోసం నాలుగు నెలలు పట్నం వెళ్లి వచ్చే కుటుంబాలు మా ఊళ్లోనే ఎన్నో ఉన్నాయి. ఊరు దగ్గర్లోని మున్సిపాలిటీలో కలిసిపోతే, ఆ ఊరి బడి పిల్లలు ఎక్కడికీ కదలకుండానే పట్టణ అభ్యర్థులు అవుతారు.

దరఖాస్తు మధ్యలో ఆపి ఇంటికి వచ్చేశాను. ఆ సాయంత్రం తెలిసినాయన ఒకరు ఉపాయం చెప్పారు: మూడో తరగతి మొదటి నుంచీ ఊరి బడిలోనే చదివినట్టు కాగితం తెచ్చుకుంటే సరిపోతుందని, చాలామంది చేసేది అదేనని, ఆడపిల్ల భవిష్యత్తు కోసం ఆ మాత్రం తప్పదని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎంపికయ్యాక పత్రాలు పరిశీలించేటప్పుడు బయటపడితే సీటు రద్దవుతుందన్న భయం ఉన్నమాట నిజం. అంతకంటే ఎక్కువగా, కరీంనగర్ బడి బెల్టు, టై ఇంకా దాచుకున్న నా కూతురికి ఆ గడిలో నేను ఏం రాశానో చెప్పాల్సి వస్తుందన్నది నన్ను ఆపింది. మర్నాడు ప్రధానోపాధ్యాయుడి దగ్గరకు వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన రిజిస్టరు తీసి, చేరిన తేదీ వేలు పెట్టి చూపించి, "మీరు అడిగినా నేను వేరేగా రాసేవాణ్ని కాదు, అడగనందుకు సంతోషం" అన్నారు. పట్టణ అభ్యర్థిగానే దరఖాస్తు పూర్తి చేశాం.

ఆ తరవాత కోచింగ్ ప్రశ్న వచ్చింది. 2014లో మా చుట్టుపక్కల నవోదయ కోచింగ్ అన్న మాట విన్న గుర్తు లేదు. ఇప్పుడు మండల కేంద్రంలో అడుగు పెడితే నవోదయ, సైనిక్ స్కూల్, గురుకులం అని వరుసగా బోర్డులు కనిపిస్తాయి. వసతితో కూడిన ఒక కేంద్రానికి పాపను తీసుకుని వెళ్లాను. ఏడాదికి 70,000 రూపాయలు అడిగారు, సగం ఏడాది గడిచినా తగ్గిస్తామనలేదు. తొమ్మిది, పదేళ్ల పిల్లలు తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తారని గర్వంగా చెప్పారు. గోడ మీద ఆ వారం ర్యాంకులు అంటించి ఉన్నాయి, చివరి పది పేర్ల కింద ఎర్ర గీత ఉంది. ఆ ఎర్ర గీత కింద పేరున్న ఒక పిల్లవాడు మెట్ల మీద కూర్చుని మా పాప వైపు చూస్తూ ఉన్నాడు. ఇంటి నుంచి దూరంగా, ఇంకా చేరని వసతి బడి కోసం ఇప్పటి నుంచే మరో హాస్టల్లో ఉంటున్న పసివాడు. పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుని "బాపూ, ఇంటికి పోదాం" అంది. వచ్చేశాం. అక్కడి పిల్లల్లో కొందరికి సీట్లు వచ్చే ఉంటాయి. అయినా ఆ నిర్ణయానికి ఇప్పటికీ చింతించడం లేదు.

ఇంట్లోనే చదివించాలనుకున్నాక నేను మొదట చేసిన పని పరీక్షను అర్థం చేసుకోవడం. ఇప్పుడు మొత్తం 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. మేధాశక్తి 40 ప్రశ్నలు, గణితం 20, భాష 20. ఒక్కో ప్రశ్నకు ఒకటింపావు మార్కు, తప్పు రాస్తే కోత లేదు. అంటే సగం మార్కులు బొమ్మల ప్రశ్నలవే. పది రకాలు, ఒక్కో రకంలో నాలుగేసి: భిన్నంగా ఉన్న బొమ్మను గుర్తించడం, అద్దంలో ప్రతిబింబం, దాగి ఉన్న బొమ్మను కనిపెట్టడం, ఇలా. వీటిలో మా పాపను అన్నిటికంటే ఏడిపించింది కాగితాన్ని మడిచి రంధ్రం చేసి విప్పితే ఎలా కనిపిస్తుందన్న ప్రశ్న. పుస్తకంలో చుక్కల గీతలతో ఉన్న చతురస్రం చూసి ఎంత ఆలోచించినా ఆమెకు తట్టేది కాదు, నాకూ తట్టేది కాదు. ఇంజనీరింగు చదువుతున్న మా అన్న కొడుకు ఫోనులో విని, "కాకా, పుస్తకం మూసి కాగితం ఇవ్వు" అన్నాడు. పాత నోటుపుస్తకాల కాగితాలను చతురస్రాలుగా కత్తిరించి, నాలుగు మడతలు పెట్టి, కార్యాలయాల్లో వాడే పంచింగ్ మిషన్‌తో రంధ్రం చేసి, విప్పే ముందు ఎన్ని రంధ్రాలు ఎక్కడెక్కడ ఉంటాయో ఆమె చేత చెప్పించేవాణ్ని. నెల రోజుల్లో ఇంటి నిండా రంధ్రాల కాగితాలు చేరాయి. ఆ తరవాత ఆమె కాగితం లేకుండానే, కళ్లు మూసుకుని గాలిలో చేతులతో మడిచి, విప్పి జవాబు చెప్పడం మొదలుపెట్టింది. మా నాన్న మంచం మీద నుంచే అది చూసి నవ్వేవాడు. ఈ ఏడాది మొత్తంలో నాకు మిగిలిన సంతోషం అదే.

గణితం వేరే సమస్య. లెక్కలు ఆమెకు వచ్చు, వేగమే రాదు. క.సా.గు., భిన్నాలు, లాభనష్టాలు, కాలం–దూరం ప్రశ్నలు అయిదో తరగతి పాఠ్యపుస్తకం నేర్పే దానికంటే ఒక మెట్టు పైనే ఉంటాయి. అర గంటలో 20 లెక్కలంటే ఒక్కోదానికి నిమిషంన్నర. బడిలో ఒక్క లెక్కను పలక నిండా చేసి సారుకు చూపించడానికి అలవాటుపడిన పిల్లకు, రానిదాన్ని వదిలేసి ముందుకు వెళ్లమని చెప్పడం చాలా కష్టమైంది. వదిలేయడమంటే ఓడిపోవడమని ఆమె అనుకునేది. తెలుగులో ఇచ్చే నాలుగు గద్యభాగాలు చదివి ప్రశ్నలకు జవాబులు రాయడం మాత్రం ఆమె మొదటి నుంచీ ఇష్టంగా చేసేది. ఆ భాగం మీద నేను పెద్దగా సమయం పెట్టలేదు. ఓఎంఆర్ పత్రం మీద బాల్ పెన్నుతోనే వృత్తాలు నింపాలి, పెన్సిలు వాడకూడదు, దిద్దకూడదు. అయిదో తరగతి దాకా పెన్సిలు, రబ్బరుతో రాసే పిల్లల చేతికి అదొక పెద్ద మార్పు. నమూనా పత్రాలు జిరాక్సు తీయించి వారానికి రెండు నింపించాను.

డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం దేశంలో 28 కొత్త నవోదయలకు ఆమోదం తెలిపింది. అందులో ఏడు తెలంగాణకు వచ్చాయి, పాత కరీంనగర్ జిల్లాలో భాగమైన జగిత్యాలకు ఒకటి. మా పరీక్షకు అప్పటికి ఆరు వారాలే ఉంది. ముందు ముందు చొప్పదండి మీద ఒత్తిడి తగ్గుతుందని సంతోషించాం. కానీ ఆరో తరగతి పరీక్షను ఒక్కసారే రాయాలి. ఈ ఏడాది రాసిన వారికి వచ్చే ఏడాది అవకాశం ఉండదు. ఆ నియమం లేకపోతే పిల్లలను అయిదో తరగతిలోనే మళ్లీ మళ్లీ కూర్చోబెట్టే తల్లిదండ్రులు ఉంటారని నాకు తెలుసు. అయినా పదేళ్ల పిల్లకు "ఇది ఒక్కసారే" అన్న మాట చెప్పకుండా దాచడం ఎంత కష్టమో ఆ ఆరు వారాల్లో తెలిసింది. మేము దాచాం. బడిలో ఎవరో చెప్పేశారు.

2025 జనవరి 18న పదకొండున్నరకు పరీక్ష. పది గంటలకే కేంద్రం దగ్గరకు చేరుకున్నాం. 2014లో గేటు ముందు రావిచెట్టు కింద పట్టేంత మందే ఉన్నారు. ఈసారి రోడ్డు చివరి దాకా బండ్లు నిలిచాయి. కోచింగ్ కేంద్రాల వాహనాల్లో ఒకే రంగు టీషర్టులతో పిల్లలు దిగుతున్నారు, వాళ్ల వెనకే సార్లు చివరి నిమిషపు సూత్రాలు వల్లె వేయిస్తున్నారు. హాల్‌టికెట్టు, నల్ల పెన్నులు రెండు, నీళ్ల సీసా పట్టుకుని పాప గేటు దాటేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు. ఒంటిగంటన్నరకు బయటికి వచ్చింది. "బాపూ, మడతల ప్రశ్నలు నాలుగూ చేసిన" అన్నది మొదటి మాట. ఇంటి దారిలో సగం దూరం వచ్చాక, లెక్కల్లో మూడు చూడకుండానే నింపానని మెల్లగా చెప్పింది.

మార్చి 25న ఫలితాలు వచ్చాయి. నెంబరు, పుట్టినతేదీ కొట్టి చూశాను. ఎంపిక కాలేదని వచ్చింది. తప్పు కొట్టానేమోనని మరో రెండు సార్లు చూశాను. మా ఊరి బడిలోనే ఆమె పక్కన కూర్చునే పిల్లవాడు ఎంపికయ్యాడు, గ్రామీణ కోటాలో. తరగతిలో ఇద్దరిలో ఎవరో ఒకరు మొదట వచ్చేవారు. ఆ సాయంత్రం పాప వాళ్లింటికి వెళ్లి వాడికి రంధ్రాల కాగితం ఒకటి ఇచ్చి వచ్చిందని నా భార్య చెప్పింది. తనకు గ్రామీణ కోటా ఎందుకు లేదో పాప నన్ను అడగలేదు. నేనే కూర్చోబెట్టి చెప్పాను, కరీంనగర్ వెళ్దామన్న నిర్ణయం నాదని, ఆ నియమం నాకు అప్పుడు తెలియదని. విని, "తాత బాగుంటే ఇంకా అక్కడనే ఉండేవాళ్లం కదా" అంది. పరిశీలనలో తేలిన ఖాళీల కోసం తరవాత వచ్చే జాబితాల మీద జులై దాకా ఆశ పెట్టుకున్నాం. అవీ మా వరకు రాలేదు. రాష్ట్ర గురుకులాల ఆరో తరగతి ఖాళీలకు ఫిబ్రవరిలో రాసిన పరీక్షలోనూ సీటు దక్కలేదు. సైనిక్ స్కూలు పరీక్ష జోలికి మేము పోలేదు. ఆడపిల్లలను ఇప్పుడు తీసుకుంటున్నారు గాని, మాకు దగ్గరిదనుకున్న కోరుకొండ కూడా విజయనగరం జిల్లాలో ఉంది. అంత దూరం పంపే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

పాప ఇప్పుడు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆరో తరగతి. రోజూ సైకిల్ మీద వెళ్లి వస్తుంది. తొమ్మిదో తరగతిలో ఖాళీలుంటే వాటికి విడిగా ప్రవేశ పరీక్ష ఉంటుందని, ఎనిమిదో తరగతి అదే జిల్లాలో చదువుతున్న పిల్లలు రాయవచ్చని మా అన్న కొడుకు చెప్పాడు. ఆ పరీక్ష రెండున్నర గంటలు, వంద మార్కులు: గణితానికి 35, సైన్సుకు 35, ఇంగ్లిషుకు 15, హిందీకి 15. ఈసారి వివరణ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, ఏ తరగతి ఎక్కడ చదవాలో, పుట్టినతేదీ ఏ రెండు తేదీల మధ్య ఉండాలో ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. పాప హిందీ వాచకం బడి తెరిచిన వారంలోనే అట్ట వేసుకుంది. ప్రతి ఆదివారం సాయంత్రం వాళ్లన్నకు ఫోను చేసి అరగంట హిందీలోనే మాట్లాడాలని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. ప్రస్తుతానికి అయిదు నిమిషాలు హిందీ, మిగిలిందంతా తెలుగు.